మళ్లీ కాంటా ఎక్కించండి

ప్రశ్న: సార్, మాది నల్లగొండ. ఇక్కడి ఐటీ టవర్‌లో ఆరుగురి టీంకి లీడ్‌గా చేస్తున్నాను. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు కాంటా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారు చేస్తున్నాం. పనిని రెండు వారాల విడతలుగా, అంటే స్ప్రింట్లుగా చేస్తాం. రోజూ సాయంత్రం అందరూ జీరాలో (పనుల లెక్క రాసుకునే సాఫ్ట్‌వేర్) ఆ రోజు చేసిన గంటలు వేస్తారు. మిగిలిన పని రోజురోజుకూ ఎంత తగ్గిందో చూపే బర్న్‌డౌన్ చార్ట్ స్కేలు పెట్టి గీసినట్టు దిగుతుంది. ఎవరిని అడిగినా ‘90 శాతం అయిపోయింది అక్కా’ అంటారు. తొమ్మిదో రోజు చూస్తే చాలా పని అలాగే ఉంటుంది. పోయిన స్ప్రింట్‌లో మూడు రాత్రులు ఆఫీసులోనే ఉన్నాం. హాలియా నుంచి వచ్చే అబ్బాయికి చివరి బస్సు తప్పి అక్కడే పడుకున్నాడు. మా మేనేజర్ హైదరాబాద్‌లో ఉంటారు. ‘చార్ట్ ఇంత బాగుంది, పని ఎందుకు మిగిలింది? అసలు ఎంత శాతం అయిందో చెప్పండి’ అంటారు. ఆఖరి రెండు రోజులకు ఇద్దరిని పంపుతారు. వానాకాలం వడ్లు మిల్లులకు వచ్చేలోగా ఇది పని చేయాలి. మా వాళ్లు నాతో అబద్ధం చెబుతున్నారా? లేక నాకే చూడడం రావట్లేదా? చాలా టెన్షన్‌గా ఉంది. ఇక నుంచి సాయంత్రం అంకెలు వాట్సాప్ గ్రూపులో తీసుకోనా?

సమాధానం: అమ్మా, మీ వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. ముందు ఆ బెంగ తీసేయండి. ‘ఎంత అయింది?’ అని మీరు అడుగుతున్నారు, వాళ్లు తమకు తోచింది చెబుతున్నారు. ఆ ప్రశ్నకు సరైన జవాబు ఎవరి దగ్గరా ఉండదు. మొత్తం పని ఎంతో పూర్తిగా తెలిసినప్పుడే అందులో 90 శాతం ఎంతో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఎంతో తెలిసేది పని అయిపోయిన రోజునే. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన టామ్ కార్గిల్ చెప్పినదిగా 1985 నుంచీ మా రంగంలో ఒక మాట తిరుగుతోంది. మొదటి 90 శాతం కోడ్‌కు 90 శాతం సమయం పడుతుందట, మిగిలిన 10 శాతానికి ఇంకో 90 శాతం సమయం పడుతుందట. నలభై ఏళ్లుగా అందరూ నవ్వుకుంటూ చెప్పుకునే ఈ మాట మీ టీంలో మూడు రాత్రుల నిద్ర తీసింది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం వేరే ఉంది. ‘స్కేలు పెట్టి గీసినట్టు దిగుతుంది’ అన్నారు చూడండి, రోగం అక్కడే ఉంది. నిజమైన పని అలా దిగదు. ఒక రోజు దిగుతుంది, ఒక రోజు కదలదు, ఒక్కో రోజు పైకి కూడా పోతుంది. పది రోజులూ మెట్లు దిగినట్టు నీటుగా దిగిందంటే ఆ గీతను మీ మనుషులు గీయలేదు, జీరా గీసింది.

ఎలాగంటారా? మీ సాఫ్ట్‌వేర్ సంగతే తీసుకుందాం. కాంటా మీద లారీ నిలబడగానే దాని బరువు కంప్యూటర్‌లోకి రావాలి. ఈ పని ఆ హాలియా అబ్బాయికి ఇచ్చారనుకోండి. 16 గంటలు పడుతుందని అంచనా వేశాడు. సోమవారం ఆరు గంటలు చేసి జీరాలో ఆరు వేశాడు. జీరా మామూలుగా ఏం చేస్తుందంటే, వేసిన గంటలను మిగిలిన అంచనాలోంచి తనే తీసేస్తుంది. 16లో 6 పోతే 10. మంగళవారం ఇంకో ఆరు, మిగిలింది 4. బుధవారం నాలుగు గంటలు వేశాడు, సున్నా. మీ చార్ట్ ప్రకారం కాంటా పని అయిపోయింది. గురువారం కూడా అబ్బాయి దాని మీదే కూర్చున్నాడు, ఆరు గంటలు వేశాడు. సున్నా కిందికి ఇంకేం దిగుతుంది? అది సున్నాగానే ఉంది.

అసలు జరిగింది వేరేగా ఉండొచ్చు. సోమవారం కాంటాను కంప్యూటర్‌కు కలిపే పోర్టు తెరుచుకుంది గానీ స్పీడు సెట్టింగ్ కలవక పిచ్చి అక్షరాలు వచ్చాయి. సాయంత్రానికి నిజంగా మిగిలింది 12 గంటలు. మంగళవారం మొదటి మిల్లులో కాంటా బరువు చూపే ఇండికేటర్ దారికి వచ్చింది. ఇంతలో రెండో మిల్లులో వేరే కంపెనీ ఇండికేటర్ ఉందని, అది బరువును ఇంకో పద్ధతిలో పంపుతుందని తెలిసింది. మిగిలింది 14. బుధవారం ఇంకోటి బయటపడింది. లారీ కాంటా మీద ఇంకా ఊగుతుండగానే ప్రోగ్రాం బరువు పట్టేస్తోంది, అంకె నిలిచేదాకా ఆగేలా రాయాలి. మిగిలింది 10. అబ్బాయి మూడు రోజులూ ఒళ్లు దాచుకోకుండా పని చేశాడు. జీరాలో 10, 4, 0. నేల మీద 12, 14, 10. ఈ రెండు వరుసల మధ్య తేడానే మీరు తొమ్మిదో రోజు రాత్రి కూర్చుని కట్టుకుంటున్నారు.

మిల్లులో ఏం చేస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు, మీరే చూసి ఉంటారు. 500 బస్తాల లారీ వచ్చింది. హమాలీలు 300 దించారు. లారీలో ఇంకా ఎంత ఉంది? చిట్టీ చూసి 200 బస్తాలు, 40 కిలోల చొప్పున ఎనిమిది టన్నులు అని లెక్క కట్టొచ్చు. ఆ లెక్క నిజం కావాలంటే బస్తాలన్నీ 40 కిలోలే తూగాలి. తడిసిన బస్తా ఎక్కువ తూగుతుంది, కారిపోయిన బస్తా అంత తూగదు. ఎవరికైనా నిజం కావాలంటే లారీని మళ్లీ కాంటా ఎక్కిస్తారు. పాత చిట్టీ అవతల పెట్టి, ఇప్పుడు బండి ఎంత తూగుతుందో చూస్తారు. మీ ఆరుగురితో రోజూ చేయించాల్సింది అదే. పొద్దున వేసిన అంచనా మరిచిపోయి, చేసిన గంటలు కూడా పక్కన పెట్టి, ‘ఈ క్షణం నుంచి ఇది పూర్తి కావడానికి ఇంకా ఎన్ని గంటలు?’ అని అడగాలి. వాళ్లు కొత్తగా తూచి చెప్పాలి.

జీరాలో ఇది కష్టం కాదు. గంటలు వేసే పెట్టెలోనే మిగిలిన సమయం గడి ఉంటుంది. దాన్ని చేత్తో మార్చొచ్చు. రేపటి నుంచి అందరూ ఆ గడిని తామే నింపాలని చెప్పండి. చేసిన గంటలు వేయడం మానేసినా మీ ప్లానింగ్‌కు పెద్ద నష్టం లేదని నా అభిప్రాయం. బిల్లింగ్ వాళ్లకు కావాలంటే వేయండి. బర్న్‌డౌన్ చార్ట్‌ను 2000 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చింది టీంలు చిన్న విడతలుగా పని చేసే స్క్రమ్ పద్ధతి రూపకర్తల్లో ఒకరైన కెన్ ష్వేబర్. అది చూపించాల్సింది మిగిలిన పనిని. ఎవరు ఎంతసేపు కుర్చీలో కూర్చున్నారో చూపడానికి అది పుట్టలేదు.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి నేను కూడా మొదటిసారి పాడుచేశాను. చాలా ఏళ్ల కింద ఒక కంపెనీలో ఎనిమిది మందికి లీడ్‌గా ఉన్నాను. మిగిలిన గంటలు రోజూ కొత్తగా చెప్పమన్నాను. రెండో రోజు స్టాండప్‌లో (టీం అంతా రోజూ నిలబడి జరుపుకునే చిన్న సమావేశం) ఒక అమ్మాయి, ఉద్యోగంలో కొత్తగా చేరింది, ‘నిన్న ఎనిమిది అన్నాను సార్, ఇప్పుడు ఇరవై అయ్యేలా ఉంది’ అంది. నేను అందరి ముందూ ‘అదేంటమ్మా, నిన్ననే కదా ఎనిమిదన్నావు’ అన్నాను. తిట్టలేదు, గొంతు పెంచలేదు. అంతే అన్నాను. ఆ అమ్మాయి తల దించుకుంది. ఆ రోజు తర్వాత ఆ స్ప్రింట్ అయ్యేదాకా ఎనిమిది మందిలో ఒక్కరి అంకె కూడా పైకి పోలేదు. నా చార్ట్ మీ చార్ట్‌లాగే అందంగా దిగింది. ఆఖరి రోజు కస్టమర్ ముందు ఓపెన్ చేస్తే సగం స్క్రీన్లు పని చేయలేదు. ఆ అమ్మాయి చెప్పిన ఇరవై గంటలు రెండో రోజే విని ఉంటే మాకు ఎనిమిది రోజులు చేతిలో ఉండేవి. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే బాధగానే ఉంటుంది.

అందుకే, అంకె పెరిగిందని ఎవరైనా చెప్పినప్పుడు మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట చాలా ముఖ్యం. ‘మంచిది, ఇప్పుడే చెప్పావు. ఏం కనబడింది?’ అనండి. అంతకు మించి అక్కడ ఏమీ వద్దు. స్టాండప్‌కు పదిహేను నిమిషాలే, చర్చ తర్వాత ఇద్దరు ముగ్గురు కూర్చుని చేసుకోవచ్చు. మొదటి వారం మీ వాళ్లు మీ ముఖం చూస్తారు. మీ ముఖం మారకపోతే రెండో వారం నుంచి నిజం చెబుతారు. ‘అక్కా’ అని పిలిచే పిల్లలు మీకు చెడ్డ వార్త చెప్పడానికి ఇంకా మొహమాటపడతారు, అక్కకు కష్టం కలిగించడం ఎందుకని. ఆ ప్రేమే మీ చార్ట్‌ను చెడగొడుతోందని వాళ్లకు విడమరిచి చెప్పండి.

నిజమైన అంకెలు రావడం మొదలయ్యాక వాటితో ఏం చేయాలి అన్నది రెండో సంగతి. ఇక్కడ మీకు నాగార్జునసాగర్ డ్యాంను గుర్తు చేస్తాను. వానాకాలంలో పేపర్ తెరిస్తే ప్రాజెక్టు నీటిమట్టం ఒక్కటే వేయరు. పూర్తి మట్టం 590 అడుగులు, ఇవాళ ఇంత, ఇన్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు, ఔట్‌ఫ్లో ఇన్ని క్యూసెక్కులు అని అన్నీ వేస్తారు. నిన్నా ఇవాళా మట్టం ఒకటే ఉంటే డ్యాం ఊరికే ఉందని కాదు, పైనుంచి ఎంత వచ్చిందో అంతా కిందికి వదిలారేమో. మీ బర్న్‌డౌన్ గీత మట్టం మాత్రమే చూపిస్తుంది. వచ్చింది ఎంత, పోయింది ఎంత అన్నది వేరుగా రాసుకోకపోతే గీత ఎందుకు కదలడం లేదో మీకూ తెలియదు, హైదరాబాద్‌లో మేనేజర్‌కూ తెలియదు.

లెక్క వేసి చూపిస్తాను. స్ప్రింట్ మొదలైనప్పుడు మొత్తం 300 గంటల పని. ఐదో రోజు సాయంత్రం అందరూ కొత్తగా తూచి చెప్పింది కలిపితే 210. అంటే ఐదు రోజుల్లో 90 తగ్గింది, రోజుకు 18. ఇంకో ఐదు రోజులకు ఇదే వేగమైతే ఇంకో 90 తగ్గుతుంది, ఆఖరి రోజున 120 గంటల పని మిగులుతుంది. ఇది మీకు ఐదో రోజే తెలిసింది, తొమ్మిదో రోజు రాత్రి కాదు. ఇదొక్కటే చాలు, బస్సులు తప్పవు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. ఆ ఐదు రోజుల్లో మీ వాళ్లు నిజానికి 130 గంటల పని తీసేశారు, రోజుకు 26. కానీ 40 గంటలు కొత్తగా వచ్చి చేరాయి. అందులో 25 గంటలు రెండో ఇండికేటర్, ఊగే లారీ లాంటివి, ముందు కనబడక తర్వాత బయటపడ్డవి. మిగతా 15 గంటలు మిల్లు ఓనర్ ఫోన్ చేసి అడిగినవి. ‘తేమ 17 శాతం దాటిన వడ్లకు తరుగు వేరేగా రావాలమ్మా, అది కూడా పెట్టేయండి’ అని ఉంటారు, మీరు సరే అని ఉంటారు. ఇవి రెండూ ఒకే కుప్పలో వేయకండి. బయటపడ్డ పని ఎవరి తప్పూ కాదు, మిగతా ఐదు రోజుల్లో కూడా ఇంకొంత బయటపడుతుంది, దానికి చోటు ఉంచుకోవాల్సిందే. అడిగి పెట్టించిన పనిని మాత్రం మీరు ఆపగలరు. అది ఆపితే రోజుకు 18 బదులు 21 తగ్గుతుంది, ఆఖరున 105 మిగులుతుంది. 26 చొప్పున పోతామని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి. కొత్తగా ఏమీ బయటపడని స్ప్రింట్ నేను ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు ఆ 105 గంటలకు ఏం చేస్తారు? రాత్రుళ్లు కూర్చోవడం కాదు. ఐదో రోజే మిల్లు ఓనర్‌కూ, ఏ పని ముందో తేల్చే మీ ప్రొడక్ట్ ఓనర్‌కూ ఫోన్ చేసి, ఈ స్ప్రింట్‌లో నిజంగా ఏది కావాలో తేల్చుకోండి. లోడ్ బరువు, ఖాళీ బరువు, రెండిటి తేడాతో చిట్టీ ప్రింట్ రావడం. ఇది లేకపోతే మిల్లు నడవదు. తేమ తరుగు లెక్క వచ్చే స్ప్రింట్‌కు, రిపోర్టులకు రంగులు ఆ తర్వాత. ఐదో రోజు ఈ మాట చెబితే అవతలివాళ్లు ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్ల చేతిలో ఇంకా వారం ఉంటుంది. పదో రోజు చెబితే ఎంత మంచివాళ్లకైనా కోపం వస్తుంది.

మీ మేనేజర్ సంగతి. ఆయనకు శాతం కావాలి అన్నారు. శాతం అడిగే మేనేజర్‌కు నిజంగా కావాల్సింది ‘ఎప్పుడు అవుతుంది, ఏది రాదు’ అన్న కబురు. అది వేరేగా ఎలా అడగాలో తెలియక శాతం అడుగుతారు. ఐదో రోజు మీరే ముందుగా మూడు వాక్యాలు పంపండి. ‘210 గంటలు మిగిలింది. రోజుకు 18 నుంచి 21 తగ్గుతోంది. కాంటా, చిట్టీ ఈ స్ప్రింట్‌లో వస్తాయి, తేమ లెక్క రాదు.’ రెండు స్ప్రింట్లు ఇలా పంపితే ఆయన శాతం అడగడం మానేస్తారు. ‘మీరు ఈ చార్ట్ ఎందుకు మార్చారు’ అని అడిగితే ఒక మాట చెప్పండి. ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ కలిసి రాసిన స్క్రమ్ గైడ్‌లో 2011 నుంచి బర్న్‌డౌన్ చార్ట్ తప్పనిసరి కాదు. 2020 కూర్పులో కూడా ఇలాంటి చార్టులు పనికొస్తాయని చెబుతూనే, కళ్ల ముందు జరిగినదాన్ని చూసి నిర్ణయం తీసుకోవడానికి అవి బదులు కావని రాశారు. 2001లో 17 మంది కలిసి ప్రకటించిన ఎజైల్ (చిన్న విడతల్లో, మార్పులకు తగ్గట్టు పని చేసే పద్ధతి) సూత్రాల్లో కూడా పని చేసే సాఫ్ట్‌వేరే ప్రగతికి ముఖ్యమైన కొలత అని ఉంది.

ఆఖరి రెండు రోజులకు వచ్చే ఆ ఇద్దరి విషయంలో మాత్రం గట్టిగా చెప్పండి, వద్దని. ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను కలిపితే అది ఇంకా ఆలస్యమవుతుందని. వాళ్లకు కాంటా అంటే ఏంటో, తరుగు అంటే ఏంటో చెప్పడానికి మీ వాళ్లలో ఇద్దరు పని ఆపి కూర్చోవాలి. పంపాలనుకుంటే స్ప్రింట్ మొదటి రోజు పంపమనండి, ఆనందంగా తీసుకోండి.

ఇంకో చిన్న విషయం, కానీ దీనివల్లే చాలా టీంలు మోసపోతాయి. ‘అయిపోయింది’ అంటే ఏంటో ఆరుగురూ ఒకే మాట మీద ఉన్నారా? కోడ్ రాస్తే అయినట్టా, టెస్టింగ్ అయితేనా, మిల్లులో నిజమైన లారీ బరువు సరిగ్గా పడితేనా? ఒకరికి ఒకటి, ఇంకొకరికి ఇంకొకటి అయితే మిగిలిన గంటలు కలపడంలో అర్థమే లేదు. మీ పనికి మాత్రం ఒక మిల్లులో అయినా నిజం కాంటా మీద బరువు పడ్డాకే సున్నా అనుకోవడం మంచిది. అలాగే 16 గంటల పనులు పెట్టుకోకండి, పెద్దవి. ఒక రోజులో, మహా అయితే రెండు రోజుల్లో అయ్యేలా విడగొట్టండి. ‘మొదటి మిల్లు ఇండికేటర్ నుంచి బరువు చదవడం’ ఒకటి, ‘అంకె నిలిచేదాకా ఆగడం’ ఒకటి, ‘రెండో రకం ఇండికేటర్’ ఒకటి. పనులు ఇంత చిన్నవైతే కొన్ని నెలలకు గంటలు అడగాల్సిన అవసరం కూడా రాదు. అయింది, కాలేదు అని లెక్కబెడితే సరిపోతుంది. గంటల బదులు పని సైజుకు వేసే స్టోరీ పాయింట్లతో చార్ట్ పెట్టినా ఇదే వర్తిస్తుంది. అక్కడ పని పూర్తయిన రోజునే పాయింట్లు తగ్గుతాయి కాబట్టి, పనులు పెద్దవైతే గీత వారం రోజులు కదలకుండా ఉండి చివర్న ఒక్కసారిగా పడిపోతుంది. మేనేజర్లు దాన్ని చూసి కంగారు పడతారు. ఆ కంగారు తగ్గించాల్సింది పనులు చిన్నవి చేసి. గీతను సర్ది కాదు.

సాయంత్రం అంకెలు వాట్సాప్ గ్రూపులో తీసుకోనా అని కూడా చివర్లో అడిగారు. వద్దు. గ్రూపులో అందరి ముందూ ‘20’ అని పెట్టడానికి కొత్తవాళ్లు భయపడతారు, పైగా పక్కవాడు ‘6’ అని పెడితే వీళ్లు ‘8’ అంటారు. ఒక తెల్ల బోర్డు తెచ్చుకోండి. ఎడమ పక్క మిగిలిన గంటలు, కుడి పక్క ఇవాళ కొత్తగా బయటపడ్డవి, దాని కింద ఎవరో అడిగి పెట్టించినవి. ఎవరిది వాళ్లే చేత్తో రాయాలి. మీది కూడా మీరే రాయండి, మొదటి రోజు మీ అంకె పెరిగితే దాచకుండా పెంచి రాయండి. వాళ్లు అది చూస్తారు.

వచ్చే స్ప్రింట్ ప్లానింగ్‌కు కూర్చోకముందే ఒక పని చేయండి. ఆ హాలియా అబ్బాయిని, ఇంకొకరిని తీసుకుని పొద్దున్నే మిర్యాలగూడ వెళ్లండి. మీరు సాఫ్ట్‌వేర్ పెట్టబోయే ప్రతి మిల్లులో కాంటా గదికి వెళ్లి ఇండికేటర్ ఏ కంపెనీదో రాసుకోండి, వెనక పోర్టు ఫోటో తీసుకోండి, కాంటా దగ్గర కూర్చునే మనిషితో ఓ పావుగంట మాట్లాడండి. లారీ ఎన్ని సెకన్లు ఊగుతుందో అతనికి తెలిసినట్టు మీ ఆరుగురిలో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నానికి తిరిగొచ్చాక అప్పుడు అంచనా వేయమనండి. ఆ అంకె మీ పాత 16 కంటే పెద్దదే వస్తుంది, రానివ్వండి.